అగ్నివీర్ కావాలనుకునే విద్యార్థిని బడి నుంచే సిద్ధం చేయడం ఎలా?

"మా బడిలో నలుగురైదుగురు పిల్లలు ఆర్మీ ఆర్మీ అంటున్నారు. మేమేం చేయాలి?" ఆర్మీ నియామక ర్యాలీ ప్రకటన వచ్చిన ప్రతిసారీ ఉపాధ్యాయ మిత్రుల నుంచి వచ్చే ప్రశ్న ఇది. వ్యాయామ ఉపాధ్యాయులే కాదు, లెక్కల మాస్టార్లూ సోషల్ టీచర్లూ అడుగుతారు. చిక్కల్లా అడిగే సమయంలోనే ఉంది. ప్రకటన వచ్చాక మిగిలేది కొద్ది వారాలు.

కుర్రవాడు ర్యాలీ మైదానంలో ఓడిపోయాడని మనం అనుకుంటాం. చాలామంది అంతకు ఏడాది ముందే ఓడిపోయి ఉంటారు. మెమోలో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు. ఎవరూ పరీక్షించని కళ్లు. రోజూ ఊపిరి బిగబట్టి పరుగెత్తి వాపెక్కిన కాళ్లు. ఇవన్నీ బడిలోనే, పెద్దగా ఖర్చు లేకుండా, ముందుగా సరిచేయగలిగినవి. దేశభక్తి మీద ఉపన్యాసం ఈ పిల్లలకు అక్కరలేదు, అది వాళ్ల దగ్గర కావలసినంత ఉంది. వాళ్లకు కావలసింది టేపు, స్టాప్‌వాచ్, మీ సంతకం.

ఇక్కడ ప్రధానంగా ఆర్మీ అగ్నివీర్ ఎంపిక గురించే చెబుతున్నాను. ఆంధ్రప్రదేశ్‌కు గుంటూరు, విశాఖపట్నంలోనూ, తెలంగాణకు సికింద్రాబాద్‌లోనూ ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయాలున్నాయి. అంకెలు, వయసు, నమూనాలు ఏటా కొంత మారుతుంటాయి. కాబట్టి కింద చెప్పిన ప్రతి అంకెనూ ఆ ఏటి నోటిఫికేషన్‌తో సరిచూసుకోండి. దాన్ని ఆర్మీ అధికారిక వెబ్‌సైట్‌లోనే చదవండి. వాట్సాప్‌లో తిరిగే కాగితం వద్దు.

ఏమేం కావాలి

- 30 మీటర్ల టేపు, సున్నం, ఈల, స్టాప్‌వాచ్ (ఫోనులో ఉన్నదైనా చాలు)
- సిమెంటుతో గట్టిగా పాతిన రెండు స్తంభాల మధ్య ఇనుప గొట్టం
- ఇసుక గుంత
- కంటి పరీక్ష చార్టు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగితే నకలు దొరుకుతుంది
- నెట్ ఉన్న కంప్యూటర్ ఒక్కటైనా
- పిల్లవాడికో పేజీ చొప్పున ఒక రిజిస్టరు
- తల్లి లేదా తండ్రి రాతపూర్వక అంగీకారం. 18 నిండనివారికి ఇది తప్పనిసరి అనుకోండి

కనీసం ఆరు నెలల సమయం ఉండాలి. తొమ్మిదో తరగతిలో మొదలుపెడితే ఇంకా మంచిది. అప్పుడు చేసేది కాగితాలు, ఆరోగ్యం, ఆటలు మాత్రమే. గట్టి శిక్షణ ఇంటర్‌లోనే.

1. ముందు ఉద్యోగం గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పండి

అగ్నివీర్‌లను తీసుకునే అగ్నిపథ్ పథకాన్ని కేంద్రం 2022 జూన్ 14న ప్రకటించింది. సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత ప్రతిభను బట్టి గరిష్ఠంగా 25 శాతం మందిని మరో 15 ఏళ్లకు తీసుకుంటారు. అంటే నలుగురిలో ముగ్గురు 22, 23 ఏళ్లకే ఇంటికి తిరిగొస్తారు. ఈ ఒక్క లెక్క పిల్లలకూ తెలియదు, తల్లిదండ్రులకూ తెలియదు. 'మిలిటరీ ఉద్యోగం' అనగానే పింఛను, క్యాంటీన్ కార్డు గుర్తొచ్చే తరం వాళ్లది.

నెల ప్యాకేజీ మొదటి ఏడాది 30,000 రూపాయలు, నాలుగో ఏడాదికి 40,000. ఇందులో 30 శాతం సేవానిధికి (నాలుగేళ్ల చివర చేతికిచ్చే పొదుపు నిధికి) పోతుంది కాబట్టి మొదటి ఏడాది చేతికొచ్చేది 21,000. పోయిన దానికి సమానంగా ప్రభుత్వమూ జమ చేస్తుంది. నాలుగేళ్లు పూర్తయ్యాక సుమారు 10.04 లక్షలు, దానిమీద వడ్డీ వస్తాయి. పింఛను, గ్రాట్యుటీ ఉండవు. 48 లక్షల జీవిత బీమా ఉంటుంది, దానికి అగ్నివీర్ ప్రీమియం కట్టనక్కరలేదు.

బీమా మాట వచ్చినప్పుడు ప్రాణాపాయం మాటా వస్తుంది. 2025 మే నెలలో సరిహద్దులో పాకిస్థాన్ కాల్పులకు బలైన మురళీ నాయక్ అగ్నివీరే. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా అతని ఊరు. తల్లిదండ్రుల సమావేశంలో ఎవరో ఒకరు ఈ సంగతి ఎత్తుతారు. మాట మార్చకండి. నాలుగేళ్లు, జీతం, ప్రమాదం మూడూ విన్నాక కూడా అంగీకార పత్రం మీద సంతకం పెట్టిన ఇంటి పిల్లవాడినే రిజిస్టరులోకి ఎక్కించండి. పేరు వెనక్కి తీసుకున్న పిల్లవాణ్ని పిరికివాడనకండి, తోటి పిల్లలను అననివ్వకండి.

సరిచూసుకోవడం ఇలా: వారం తర్వాత పిల్లవాణ్ని పిలిచి, "నాలుగేళ్ల తర్వాత ఏం చేస్తావు?" అని అడగండి. "అప్పుడు చూద్దాం సార్" అన్నాడంటే మీరు చెప్పింది ఇంకా చెవికెక్కలేదు.

2. ఎవరు ఏ విభాగానికి సరిపోతారో తేల్చండి

అందరూ జనరల్ డ్యూటీకే (సాధారణ సైనికుడి పోస్టుకే) దరఖాస్తు పెడతారు. మార్కులు బాగున్న పిల్లవాడికి అది నష్టం.

జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం ఉండాలి. టెక్నికల్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఇంగ్లిష్‌తో మొత్తం 50 శాతం, ఒక్కోదానిలో 40 శాతం. క్లర్క్, స్టోర్ కీపర్‌కు ఇంటర్‌లో ఏ గ్రూపైనా మొత్తం 60 శాతం, ఒక్కోదానిలో 50 శాతం, టైపింగ్ కూడా రావాలి. ట్రేడ్స్‌మెన్‌లో (వంట, దర్జీ వంటి చేతిపనుల విభాగంలో) పదో తరగతి వారికి, ఎనిమిదో తరగతి వారికి వేర్వేరు పోస్టులున్నాయి.

ఇక్కడ ఉపాధ్యాయుడు చేయగల మేలు ఒకటుంది. తొమ్మిదిలో ఉన్న పిల్లవాడు "ఆర్మీకి పోతాను కదా, చదువెందుకు" అంటుంటే ఆ 45 శాతం చూపించండి. అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడు మైలు పరుగులో మొదట వచ్చినా గేటు దగ్గరే ఆగిపోతాడు.

ఎత్తు మన రెండు రాష్ట్రాల వారికి జనరల్ డ్యూటీలో 166 సెంటీమీటర్లు, ఛాతీ 77, ఊపిరి పీలిస్తే మరో 5 పెరగాలి. గిరిజన ప్రాంతాల వారికి ఎత్తులో సడలింపు ఉంది, పట్టిక చూడండి. ఉదయం పూట, చెప్పులు లేకుండా, గోడకు మడమలు ఆనించి కొలవండి. 164 ఉన్న పదిహేనేళ్ల పిల్లవాడికి ఇంకా ఎదిగే వయసుంది. అదే 164 ఇరవై ఏళ్ల వాడిదైతే క్లర్క్ విభాగం చూడమనండి, అక్కడ 162 చాలు. ఎత్తు పెంచే మందులంటూ అమ్మేవి ఒక్కటీ పని చేయవు.

అమ్మాయిలను మరిచిపోవద్దు. మిలిటరీ పోలీసు విభాగంలో మహిళా అగ్నివీర్‌లను తీసుకుంటారు. పదో తరగతి అర్హత, ఎత్తు 162, 1.6 కిలోమీటర్ల పరుగుకు ఎనిమిది నిమిషాల వరకు గడువు. ఏడున్నర నిమిషాల్లోపు వస్తే మొదటి గ్రూపు.

3. కాగితాలు: ఇక్కడే ఎక్కువ మంది పోతారు

ఈ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడండి. మీరు తప్ప ఈ పని చేసేవారు ఇంకెవరూ లేరు.

పదో తరగతి మెమోలో 'బోయ వెంకటేష్ కుమార్' అని ఉంటుంది. ఆధార్‌లో 'బి వెంకటేశ్'. కుల ధ్రువపత్రంలో తండ్రి పేరు 'నరసింహులు', మెమోలో 'నర్సిములు'. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒట్టి పొడి అక్షరం. మన ఊళ్లో ఇది ఎవరికీ తప్పుగా తోచదు. ధ్రువపత్రాలు పరిశీలించే హవల్దారు మన ఊరివాడు కాదు. అతనికి అవి ఇద్దరు మనుషుల పేర్లు.

క్రమం ఇది:

అ) పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) పంపే ముందు ప్రతి పిల్లవాడి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ అడ్మిషన్ రిజిస్టరుతో, ఆధార్‌తో పోల్చండి. తర్వాత నెలలు పట్టే పని ఇక్కడ పది నిమిషాల్లో అయిపోతుంది.

ఆ) మెమో వచ్చేసిన పిల్లవాడి విషయంలో మెమోనే ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి అనుగుణంగా మార్పించండి. మెమోలోనే తప్పుంటే ప్రధానోపాధ్యాయుడి ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి ప్రతిపాదన పంపాలి. అది నిదానంగా నడిచే ఫైలు, వెంటబడాలి.

ఇ) ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు. కాబట్టి తొందరపడి ఏదో ఒకటి మార్పించేయవద్దు. మెమో అక్షరాలు కాగితం మీద పెద్దగా రాసిచ్చి, అది పట్టుకుని వెళ్లమనండి.

ఈ) కుల, స్థానికత పత్రాలు మీసేవలోనో సచివాలయంలోనో ముందే దరఖాస్తు చేయించండి. ప్రవర్తన పత్రం, అవివాహిత పత్రం మాత్రం ముందే తీసుకుని దాచుకుంటే చెల్లవు. అవి ఆరు నెలల్లోపువై ఉండాలి. సర్పంచ్ సంతకం, ముద్ర, ఫొటో నమూనాలో చెప్పినట్టే ఉండాలి.

ఉ) బడి ఇచ్చే ప్రవర్తన పత్రం మీ పని. నోటిఫికేషన్‌లోని నమూనాలోనే ఇవ్వండి. తేదీ, ఫైలు నంబరు, ప్రధానోపాధ్యాయుడి పేరుతో కూడిన ముద్ర మరువవద్దు. వేసవి సెలవుల్లో హెడ్‌మాస్టర్ కోసం పిల్లలు తిరుగుతుంటారు. సెలవులకు ముందే ఇచ్చేయండి.

ఎన్‌సీసీ ధ్రువపత్రం, క్రీడా పత్రాలు ఉంటే అదనపు మార్కులుంటాయి. మీ బడిలో ఎన్‌సీసీ ఉండీ పిల్లవాడు 'ఎ' పరీక్ష రాయకపోతే ఆ అవకాశం చేజార్చుకున్నట్టే.

ఇంకొక మాట. ఎంపికైనా పోలీసు విచారణ ఉంటుంది. 2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో జరిగిన విధ్వంసం తర్వాత ఎందరో ఉద్యోగార్థులు కేసుల్లో చిక్కుకున్నారు. గ్రూపులో ఎవరో రమ్మన్నారని వెళ్లిన వాళ్లూ అందులో ఉన్నారు. ఈ సంగతి పిల్లలకు ఒకసారి చెప్పి వదిలేయండి, అర్థం చేసుకుంటారు.

సరిచూసుకోవడం ఇలా: అన్ని కాగితాలూ బెంచీ మీద వరసగా పరిచి, పిల్లవాడి చేతే ఒక్కో దానిలోని పేరును అక్షరం అక్షరం బిగ్గరగా చదివించండి. మీరు మెమో చూస్తూ వినండి.

4. ఆరోగ్యం: మీరు చూడండి, తేల్చేది డాక్టరు

పరుగు గెలిచి వైద్య పరీక్షలో ఆగిపోయిన పిల్లవాడి బాధ వేరు. ఏడాది ముందే తెలిస్తే కొన్నింటికి వైద్యం ఉంది, కొన్నింటికి వేరే దారి వెతుక్కోవచ్చు.

కళ్లు: ఆరు మీటర్ల దూరంలో చార్టు పెట్టి ఒక్కో కన్ను విడిగా చదివించండి. కళ్లు చికిలించనివ్వకండి. కింది వరసలు తడబడితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని కంటి సహాయకుడి దగ్గరికి పంపండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుసుకునే పరీక్ష కూడా అక్కడే చేయించండి. రంగుల గుర్తింపు లోపానికి చికిత్స లేదు. అది పదో తరగతిలో తెలిస్తే పిల్లవాడికి మూడేళ్లు మిగులుతాయి.

పాదాలు: దీనికి వరండా గచ్చు, బకెట్ నీళ్లు చాలు. పిల్లవాడు పాదాలు తడిపి పొడి గచ్చు మీద నాలుగడుగులు మామూలుగా నడవాలి. గుర్తులో లోపలి అంచు వంపు తిరిగి మధ్యలో సన్నబడితే సరే. మడమ నుంచి వేళ్ల దాకా పాదమంతా నిండుగా అచ్చు పడితే ఎముకల డాక్టరుకు చూపించాలి. గచ్చు వేడిగా ఉంటే గుర్తు మీరు చూసేలోపే ఆరిపోతుంది, పొద్దున్నే చేయండి.

మోకాళ్లు: నిటారుగా నిలబడి మోకాళ్లు తాకించినప్పుడు చీలమండల మధ్య బాగా ఎడం ఉంటే అదీ డాక్టరుకు చూపించవలసిందే. మోకాళ్ల మధ్య దిండు కట్టుకుని పడుకుంటే సరవుతుందని చూపించే వీడియోలను నమ్మి నెలలు పోగొట్టుకోనివ్వకండి.

చెవిలో గులిమి, పుచ్చిన పళ్లు, ముక్కులో పెరిగిన కండ, మొలలు, వరిబీజం. ఇవన్నీ ముందే చూపించుకోదగినవి. చివరి రెండూ పిల్లలు సిగ్గుపడి చెప్పరు. మగపిల్లలకు మగ డాక్టరు దగ్గర ఏకాంతంగా పరీక్ష చేయించండి. బడికి వచ్చే బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాన్ని దీనికి వాడుకోండి. ఆ బృందం వచ్చిన రోజున పిల్లలను వరసలో నిలబెట్టి బరువు మాత్రం చూపించి పంపేయడం మన బళ్లలో మామూలైపోయింది.

గిరిజన ప్రాంతాల ఉపాధ్యాయులకు గట్టిగా చెబుతున్నాను: సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్త లోపం) పరీక్ష చేయించకుండా ఏ పిల్లవాడినీ గట్టి పరుగులోకి దింపవద్దు. ఆ లక్షణం ఉన్నవారికి ఎండలో తీవ్రమైన శ్రమ ప్రాణాల మీదికి తెస్తుంది. పరుగులో ఎప్పుడైనా ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడినా డాక్టరు చూసేవరకు శిక్షణ ఆపేయండి.

పచ్చబొట్టు: మోచేతి నుంచి మణికట్టు వరకు లోపలివైపు, అరచేతి వెనకవైపు మాత్రమే అనుమతి. గిరిజన సంప్రదాయ పచ్చబొట్లకు మినహాయింపులున్నాయి. జాతరలో భుజం మీద సింహం వేయించుకోబోయే వాణ్ని మీరే ఆపాలి.

5. పరుగు

మైదానంలో 200 మీటర్ల చుట్టును టేపుతో కొలిచి సున్నం వేయండి. అలాంటి ఎనిమిది చుట్లు 1.6 కిలోమీటర్లు. ఫోను యాప్‌తో కొలవవద్దు, చిన్న మైదానంలో మలుపుల దగ్గర అది తప్పు చూపిస్తుంది. 'మా మైదానంలో 5.10లో కొట్టాను' అన్నవాడు ర్యాలీలో వెనకబడటానికి తరచూ కారణం దూరం తక్కువ కావడమే.

5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తిచేస్తే 60 మార్కులు. 5.45 లోపు అయితే 48. ఇటీవలి ర్యాలీల్లో 6.15 వరకూ తక్కువ మార్కులతో అవకాశం ఇచ్చారు. మీ చుట్టు లెక్కలో చూస్తే 5.30కి చుట్టుకు 41 సెకన్లు, 5.45కి 43, 6.15కి 47. ఈ అంకెలు పిల్లలకు కంఠతా రావాలి. మొదటి చుట్టు 34 సెకన్లలో తిరిగినవాడు అయిదో చుట్టులో నడుస్తాడు, రాసిపెట్టుకోండి.

మొదటి నెల: వారానికి నాలుగు రోజులు, అరగంట చొప్పున మెల్లని పరుగు, మధ్యమధ్య నడక. పక్కవాడితో మాట్లాడగలిగే వేగం చాలు. సమయం చూడవద్దు.

రెండు, మూడు నెలలు: ఒక రోజు 5 కిలోమీటర్లు నిదానంగా. ఒక రోజు 400 మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో మూడు నిమిషాల విశ్రాంతితో. ఒక రోజు మెల్లని పరుగు తర్వాత 80 మీటర్ల వేగపు పరుగులు అయిదారు. మిగతా రోజుల్లో ఆటలు, విశ్రాంతి.

నాలుగో నెల నుంచి: 400 మీటర్లను అనుకున్న వేగంలో ఆరుసార్లు, విశ్రాంతి రెండు నిమిషాలకు తగ్గించి. రెండు వారాలకొకసారి మాత్రమే పూర్తి దూరానికి సమయం తీయండి. ర్యాలీకి ముందు వారం సగానికి తగ్గించండి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు, రోజూ 1.6 కిలోమీటర్లను ప్రాణం పెట్టి పరుగెత్తడం. రెండో వారంలో సమయం మెరుగవుతుంది, పిల్లవాడు ఉబ్బిపోతాడు. ఆరో వారంలో మోకాలి కింద ముందరి ఎముక నొప్పి మొదలవుతుంది. వేలితో నొక్కితే ఒకేచోట సూదిలా గుచ్చే నొప్పి ఉంటే పరుగు ఆపించి ఎక్స్‌రేకు పంపండి. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తనివ్వవద్దు. దమ్ము పెరుగుతుందంటూ అకాడమీల దగ్గర దొరికే సూదులు, పొడులు అసలే వద్దు.

తెల్లవారుజామున చీకట్లో హైవే మీద పరుగు మన కుర్రాళ్లకు అలవాటు. లారీ డ్రైవరు నిద్రమత్తులో ఉండే వేళ అది. బడి మైదానం గేటు తాళం ఉదయం అయిదున్నరకు తీయించే ఏర్పాటు చేస్తే, మీరు చేసే సాయాల్లో అదే అన్నిటికన్నా విలువైనది కావచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఏడు తర్వాత పరుగు లేదు.

ర్యాలీలో పెద్ద గుంపుగా వదులుతారు. మోచేతులు తగులుతాయి, కింద పడతారు. కాబట్టి నెలకోసారి ఇరవై మందిని ఒకే గీత మీద నిలబెట్టి వదలండి. మొదటి 50 మీటర్లలో ముందుకు వచ్చి లోపలి వరస పట్టుకోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

తిండి మాటకొస్తే గుడ్డు, పప్పు, పల్లీ చిక్కీ, రాగి జావ, అరటిపండు, కడుపునిండా అన్నం చాలు. రక్తహీనత ఉందేమో ఒకసారి పరీక్ష చేయించండి. ఎంత పరుగెత్తినా మెరుగుపడని పిల్లల్లో అది తరచూ బయటపడుతుంది.

6. బీమ్, తొమ్మిదడుగుల గుంత, బ్యాలెన్స్

కుర్రాళ్లు బీమ్ అనేది పుల్అప్స్‌ను. పది తీస్తే 40 మార్కులు, ఆరు తీస్తే 16. అంటే ప్రతి ఒక్కటీ విలువైనదే. చేతులు పూర్తిగా చాచి వేలాడాలి, గడ్డం కడ్డీ దాటాలి, ఒళ్లు ఊపకూడదు. సగం సగం తీసిన పదిహేనును బడిలో లెక్కపెట్టి మెచ్చుకుంటే ర్యాలీలో అవి నాలుగవుతాయి. లెక్కపెట్టేవాడు కఠినంగా ఉండాలి, స్నేహితుడు పనికిరాడు.

ఒక్కటీ రానివాడితో ఇలా మొదలుపెట్టండి: 20 సెకన్లు వేలాడటం. తర్వాత బల్ల ఎక్కి గడ్డం కడ్డీ పైకి పెట్టుకుని, అయిదు సెకన్లలో మెల్లగా కిందికి దిగడం. రోజు విడిచి రోజు అయిదుసార్లు. కొన్ని వారాల్లో మొదటి పుల్అప్ వస్తుంది. కడ్డీకి బదులు ఫుట్‌బాల్ గోల్‌పోస్టును వాడవద్దు. నేలలో పాతిపెట్టని గోల్‌పోస్టు మీద పడితే మనిషి మిగలడు.

గుంత దూకడం, బ్యాలెన్స్ మీద నడక అర్హతకే, మార్కులుండవు. మెత్తటి ఇసుకలో దూకించండి, అడుగు ఎత్తున్న దుంగ మీద నడిపించండి. వారానికొకసారి చాలు.

7. రాత పరీక్ష

2023 నుంచి ముందు ఆన్‌లైన్ పరీక్ష, అందులో నెగ్గినవారికే ర్యాలీ. ఈ మార్పు తెలియక ఇప్పటికీ పరుగు మీదే ఉన్నవాళ్లున్నారు. పరీక్షను ఇప్పుడు తెలుగుతో కలిపి 13 భాషల్లో నిర్వహిస్తున్నారు. దరఖాస్తులో భాష ఎంచుకునేటప్పుడు పొరపాటున ఇంగ్లిష్ నొక్కకుండా చూడండి.

జనరల్ డ్యూటీకి 50 ప్రశ్నలు, 100 మార్కులు, ఒక గంట. స్థాయి పదో తరగతి. ప్రశ్నలు సాధారణ జ్ఞానం, సైన్సు, లెక్కలు, తర్కం నుంచి ఉంటాయి. మీ బడిలో ఉన్న ఎన్‌సీఈఆర్‌టీ, రాష్ట్ర పాఠ్యపుస్తకాలే అసలు సామగ్రి. ఆరు నుంచి పది వరకు లెక్కల్లో శాతాలు, నిష్పత్తి, కాలం-దూరం, వైశాల్యం, సగటు మళ్లీ చేయించండి.

తప్పు జవాబుకు అర మార్కు పోతుంది, ఒప్పుకు రెండు వస్తాయి. 40 రాసి 30 ఒప్పయితే 60లో 5 పోయి 55. నాలుగింటిలో గుడ్డిగా ఒకటి నొక్కితే సగటున వచ్చే లాభం చాలా స్వల్పం. రెండు జవాబులు ఖాయంగా తప్పని తెలిస్తే మిగతా రెండింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. లెక్కల మాస్టారు సంభావ్యత పాఠం చెప్పేటప్పుడు ఈ ఉదాహరణే వాడితే తరగతి మొత్తం వింటుంది.

మౌస్ పట్టుకోవడం రాక సమయం పోగొట్టుకునే పిల్లలున్నారు. ఫోను వాడటం వేరు, కంప్యూటర్ వేరు. వారానికి ఒక గంట కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టండి. నెలకు ఒక పూర్తి పరీక్ష గడియారం పెట్టి రాయించండి. పాస్ మార్కు వచ్చింది కదా అని సరిపెట్టుకోనివ్వకండి. పిలుపు మెరిట్‌ను బట్టి వస్తుంది.

8. దరఖాస్తు

నెట్ సెంటర్‌లో పెట్టించే దరఖాస్తుల్లో మామూలుగా జరిగే ఘోరం ఏమిటంటే, సెంటర్ వాడు తన ఈమెయిలు, తన ఫోను నంబరు ఇచ్చేస్తాడు. అడ్మిట్ కార్డు సందేశం అతనికి వెళుతుంది, పిల్లవాడికి తెలియదు. పిల్లవాడి సొంత ఈమెయిలు, ఆధార్‌కు జతైన ఫోను నంబరే వాడాలి. పాస్‌వర్డ్ రిజిస్టరులో కాదు, పిల్లవాడి నోటుబుక్కులో రాయించండి. అభ్యర్థి కట్టే రుసుము ఇటీవలి సంవత్సరాల్లో 250 రూపాయలు. అంతకుమించి ఎవరైనా 'గ్యారంటీ' అని అడిగితే వాడు దళారి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ అకాడమీకీ, ఎవరి దగ్గరా తాకట్టు పెట్టనివ్వకండి.

9. ర్యాలీకి పంపేటప్పుడు

హాజరు వేళ చాలాసార్లు అర్ధరాత్రి దాటాక ఉంటుంది. అదే రోజు బస్సెక్కి వెళ్లేవాడు నిద్రలేకుండా పరుగెత్తుతాడు. ముందు రోజు మధ్యాహ్నానికే ఊరు చేరి పడుకునే ఏర్పాటు చూసుకోమనండి. ఒక ఊరి పిల్లలు కలిసి వెళితే మంచిది.

ఒరిజినల్స్, ధ్రువీకరించిన నకళ్ల సెట్లు, ఇటీవలి పాస్‌పోర్టు ఫొటోలు 20, నమూనాలో ఉన్న అఫిడవిట్, చార్జింగ్ నిండిన ఫోను, నీళ్లు, రెండు అరటిపళ్లు. కొత్త బూట్లు ఆ రోజు వద్దు. జుట్టు కత్తిరించుకుని, గడ్డం గీసుకుని వెళ్లాలి. సంచి సర్దిన తర్వాత మీరు ఒకసారి విప్పించి చూడండి, అఫిడవిట్ మరిచిపోయేవాళ్లు ఎక్కువ.

10. రెండో దారి ముందే వేసి ఉంచండి

ర్యాలీకి వెళ్లినవారిలో ఎక్కువమంది ఎంపిక కారు. ఇదే పరుగు, ఇదే లెక్కలు మరెన్నో చోట్ల పనికొస్తాయి. వాయుసేన అగ్నివీర్‌కు 1.6 కిలోమీటర్లు ఏడు నిమిషాల్లో, నౌకాదళంలో ఆరున్నర నిమిషాల్లో.  ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్లకు 8 నిమిషాలు, తెలంగాణలో 7 నిమిషాల 15 సెకన్లు. మీ దగ్గర ఆరు నిమిషాల్లో పరుగెత్తినవాడికి అవి కష్టం కాదు. కేంద్ర సాయుధ బలగాల జనరల్ డ్యూటీ కానిస్టేబుల్‌కు 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు, ఆ రాత పరీక్ష కూడా తెలుగులో రాయవచ్చు.

లెక్కల్లో చురుకైన ఇంటర్ పిల్లలకు, అమ్మాయిలకు కూడా, ఎన్‌డీఏ (సైనిక అధికారులను తయారుచేసే జాతీయ రక్షణ అకాడమీ) ఉందని చెప్పండి. ఆ పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. అయిదో తరగతి చెప్పేవారైతే కోరుకొండ, కలికిరి సైనిక్ పాఠశాలల ఆరో తరగతి ప్రవేశ పరీక్ష తేదీ నోటీసు బోర్డు మీద పెట్టండి. గల్వాన్‌లో 2020లో అమరుడైన కర్నల్ సంతోష్‌బాబు చదివింది కోరుకొండలోనే.

ఎంపిక కాని పిల్లవాడు తిరిగొచ్చిన వారంలో రిజిస్టరులో అతని పేజీ తీయండి. ఏ మెట్టు దగ్గర ఆగాడో రాయించండి: ఎత్తా, పరుగా, పుల్అప్సా, వైద్యమా, కాగితమా, మెరిటా. వయసు మిగిలి ఉంటే దాన్ని బట్టి వచ్చే ఏటి పని నిర్ణయించండి. వైద్య పరీక్షలో ఆగితే సమీక్షకు, అప్పీలుకు గడువు చాలా తక్కువ రోజులే ఉంటుంది. అందుకే ఆ కాగితం చేతికందిన రోజే మీకు ఫోను చేయమని ముందే చెప్పి పంపండి.